రెండు క్యాసెట్లు, ఒకే కచేరీ: పాత రికార్డింగులను ఫోన్‌లో సరిగ్గా పోల్చడం ఎలా?

మా తాతయ్యకి, ఆయన స్నేహితుడు మాస్టారికి మధ్య ఒక గొడవ ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉంది. వోలేటి వెంకటేశ్వర్లు గారి రేడియో కచేరీ ఒకటి ఇద్దరి దగ్గరా క్యాసెట్ మీద ఉంది. విజయవాడ కేంద్రం ప్రసారం చేస్తుంటే ఎవరింట్లో వాళ్లు టూ ఇన్ వన్‌లో రికార్డ్ చేసుకున్నవే. తాతయ్య వాదన ఏంటంటే, రెండూ వేర్వేరు కచేరీలు, తన దగ్గరున్నది ఆయన మంచి ఊపులో ఉన్న రోజుది. మాస్టారు మాత్రం, "రెండూ ఒకటేనండీ, మీ టేపులో ఏదో తేడా ఉంది" అంటారు. ఇద్దరూ సంగీతం తెలిసినవాళ్లే, ఇద్దరికీ చెవి ఉంది. అయినా తేలలేదు.

నాకు సంగీతం పెద్దగా రాదు. బీటెక్‌లో ఈసీఈ చదివి ఇప్పుడు గచ్చిబౌలిలో జావా రాసుకుంటున్నాను. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్ట్ జీవితంలో ఎప్పుడు పనికొస్తుందా అనుకునేవాణ్ణి. ఈ సంక్రాంతికి పనికొచ్చింది.

మన సైట్‌లో ఇయర్‌బడ్స్ రివ్యూల కింద "క్లాసికల్ వినడానికి ఏది బెస్ట్ బ్రో" అని చాలామంది అడుగుతుంటారు. బడ్స్ సంగతి తర్వాత. ఒకే పాటకి రెండు రికార్డింగులు పెట్టుకుని "ఇది బాగుంది, అది బాగాలేదు" అనేటప్పుడు మనం నిజంగా దేన్ని పోలుస్తున్నాం? గాయకుణ్ణా, టేపునా, వాల్యూమ్‌నా? ఈ ఆర్టికల్ దాని గురించే.

ముందు నేను చేసిన తప్పులు చెప్తాను, మీకు టైమ్ కలిసొస్తుంది.

మొదటిసారి మాస్టారు తన టేపు ప్లే చేసి, స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి వాయిస్ నోట్ పంపించారు. నేను దాన్ని తాతయ్యకి వినిపించాను. "చూశావా, ఎంత జీవం లేకుండా ఉందో" అన్నారు తాతయ్య. అన్యాయం కదా! వాయిస్ నోట్ అనేది మాట కోసం తయారైన వస్తువు. ఫోన్ మైక్ గదిలోని ఫ్యాన్ చప్పుడుని నాయిస్ అనుకుని అణిచేస్తుంది, ఆపైన తక్కువ బిట్‌రేట్‌లో మోనో చేసి పంపుతుంది. ఆగకుండా మోగే తంబూరాకీ ఫ్యాన్‌కీ తేడా ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుస్తుంది? పాట పంపాలంటే ఫైల్‌ని ఫైల్‌గానే, డాక్యుమెంట్ ఆప్షన్‌లో పంపండి.

తర్వాత ఒక పాత క్యాసెట్ డెక్ అరువు తెచ్చి, లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపి, రెండు టేపుల్నీ డిజిటల్ చేశాను. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: రెండూ ఒకే డెక్‌లో ప్లే చేశాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఇంకా పైకి వెళ్లలేదు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్‌లో వచ్చేది. మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరమే 9 కిలోహెర్ట్జ్. అంటే మన దాకా చేరే ఆడియో సుమారు 5 కిలోహెర్ట్జ్ లోపే. దాన్ని 192 కిలోహెర్ట్జ్ హై రెస్‌లో దాచుకోవడం అంటే ఇడ్లీ పొట్లానికి బ్యాంక్ లాకర్ తీసుకోవడమే.

రెండో తప్పు పెద్దది. టేపు హిస్ ఎక్కువగా ఉందని ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ పెట్టాను. ఈ టూల్‌కి ముందు "ఉత్త నాయిస్" ఉన్న ముక్క ఒకటి చూపించాలి. అది దాన్ని నేర్చుకుని, మొత్తం ఫైల్‌లో అలాంటిదాన్నంతా తగ్గిస్తుంది. నేను పాట మొదలవ్వకముందు ఉన్న మూడు సెకన్లు చూపించాను. ఫలితం ఎంత క్లీన్‌గా వచ్చిందంటే, గర్వంగా తాతయ్యకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఆయన ఒక నిమిషం విని తీసేశారు.

"తంబూరా ఏదిరా? ఆయన గొంతు గాల్లో వేలాడుతున్నట్టు ఉంది."

నిజమే. కర్ణాటక కచేరీలో పాట మొదలవ్వకముందు ఉండేది నిశ్శబ్దం కాదు, తంబూరా. నేను తంబూరానే నాయిస్ అని నేర్పించాను. అది బుద్ధిగా తంబూరాని పాట పొడుగునా తుడిచేసింది. సినిమా పాటల మీద బాగా పనిచేసే ఏఐ "వోకల్ ఎన్‌హాన్స్" యాప్‌లని కూడా ఇలాంటి రికార్డింగుల మీద నేను నమ్మను. శ్రుతి లేకపోతే గాయకుడు ఏ స్వరం మీద నిలబడ్డాడో పోల్చుకోవడానికి ఆధారమే పోతుంది.

అసలు పరిష్కారం చాలా సింపుల్, కాలేజీలో రెండో సంవత్సరం పాఠం. రేడియో నుంచి 5 కిలోహెర్ట్జ్ పైన ఏమీ రాలేదు కాబట్టి, టేపులో అంతకు పైన ఉన్నదంతా దాదాపు హిస్సే. 6 కిలోహెర్ట్జ్ దగ్గర లో పాస్ ఫిల్టర్ పెడితే చాలు. తంబూరా చెక్కుచెదరలేదు, చెవిని బాధించే హిస్ చాలావరకు పోయింది. మీ దగ్గరున్నది ఎల్పీ నుంచో, ఎఫ్‌ఎం నుంచో తీసిన రికార్డింగ్ అయితే మాత్రం ఈ అంకె వాడకండి, పైన ఉన్న సంగీతం పోతుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇది మోనో ప్రసారం, నేను వాడినది స్టీరియో డెక్. రెండు చానల్స్‌లో ఒకే శబ్దం ఉన్నా, డెక్ హెడ్ కొంచెం వంకరగా ఉంటే ఒకటి రెండోదానికన్నా రవ్వంత ఆలస్యంగా వస్తుంది. రెండింటినీ కలిపి మోనో చేస్తే పై ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట మందంగా అయిపోతుంది. కలపకండి. రెండూ విని, బాగున్న చానల్ ఒక్కటే ఉంచుకోండి.

సరే, ఇప్పుడు అసలు గొడవ.

రెండు ఫైల్స్ పక్కపక్కన పెట్టి కాంభోజి ఆలాపన మొదటి పలుకు నుంచి తర్వాతి కృతి చివరి దాకా కొలిచాను. తాతయ్య టేపులో 11 నిమిషాల 20 సెకన్లు. మాస్టారి టేపులో 11 నిమిషాల 40 సెకన్లు. శ్రుతిలో కూడా తేడా ఉంది, తాతయ్య టేపు అర స్వరస్థానం ఎక్కువలో ఉంది. ఇది చూసి మొదట నేను కూడా వేర్వేరు కచేరీలేనేమో అనుకున్నాను. కానీ అంకెలు చూడండి. 700 సెకన్లని 680తో భాగిస్తే 1.029. అర స్వరస్థానం అంటే 50 సెంట్లు, దాని నిష్పత్తి కూడా 1.029. ఒక మనిషి ఇంకో రోజు కొంచెం హెచ్చు శ్రుతిలో పాడొచ్చు, కొంచెం వేగంగానూ పాడొచ్చు. కానీ రెండూ సరిగ్గా ఒకే నిష్పత్తిలో మారడం మనుషులు చేసే పని కాదు, మోటార్ చేసే పని.

టేపు వేగంగా తిరిగితే శ్రుతి, కాలం రెండూ కలిసే పెరుగుతాయి. ఫోన్ యాప్‌లలో 1.25ఎక్స్ పెట్టినప్పుడు గొంతు మారదు కదా, అది సాఫ్ట్‌వేర్ కష్టపడి పిచ్‌ని పట్టి ఉంచడం వల్ల. టేపుకి ఆ తెలివి లేదు. అందుకే ఆడాసిటీలో టేపుని సరిచేసేటప్పుడు చేంజ్ టెంపో, చేంజ్ పిచ్ ముట్టుకోకుండా చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ వాడాలి.

తాతయ్య టేపుని నెమ్మది చేసి మాస్టారి టేపు మీద పెడితే రెండు వేవ్‌ఫామ్‌లూ అతికినట్టు కూర్చున్నాయి. ఆలాపన మధ్యలో ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు. అది రెండింట్లోనూ అదే చోట ఉంది. ఒకే కచేరీ. మాస్టారే కరెక్ట్.

కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. రెండింట్లో ఏది అసలు వేగం? తాతయ్యది ఎక్కువా, మాస్టారిది తక్కువా, లేక రెండూ తప్పేనా? మాస్టారిది సరే అని ఊరుకోవచ్చు, కానీ ఒకదానితో పోల్చి ఇంకోదాన్ని సరిచేస్తే మొదటిదాని తప్పు కూడా వచ్చి చేరుతుంది.

ట్యూనర్ యాప్ పెట్టి షడ్జమం ఏ వెస్ట్రన్ నోట్‌కి దగ్గరగా ఉందో చూస్తే చాలదా అంటారేమో. చాలదు. పియానోకి ఉన్నట్టు కర్ణాటక సంగీతంలో షడ్జమానికి స్థిరమైన ఫ్రీక్వెన్సీ లేదు. తంబూరా ఎక్కడ కలుపుకుంటే అదే శ్రుతి, అది రెండు నోట్ల మధ్య కూడా పడొచ్చు.

నేను మొదట వాడినది కరెంట్ ట్రిక్. మన ఇళ్లలో కరెంట్ 50 హెర్ట్జ్. కరెంట్ మీద నడిచే రికార్డర్ అయితే టేపులో సన్నగా ఆ హమ్ కూడా ఎక్కుతుంది. టేపు వేగంగా తిరిగితే హమ్ కూడా 50 కంటే పైకి పోతుంది. తాతయ్య ఫైల్ శాంపుల్ రేట్‌ని 1000కి తగ్గించి స్పెక్ట్రోగ్రామ్ చూస్తే రెండు గీతలు కనిపించాయి. ఒకటి సరిగ్గా 50 దగ్గర, అది ఈరోజు మా ఇంటి కరెంట్. రెండోది 51.1 దగ్గర, అది తాతయ్య రికార్డ్ చేసిన రోజు కరెంట్! నిజం చెప్తున్నాను, ఆ గీత చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. 51.1ని 50తో భాగిస్తే 2.2 శాతం వేగం. తేలిపోయింది అనుకున్నాను.

తేలలేదు. ఈ లెక్క ప్రకారం పాట అసలు నిడివి 11 నిమిషాల 35 సెకన్లు, అంటే మాస్టారి టేపు నెమ్మదిగా ఉన్నట్టు. ఆ సాయంత్రం మా మావయ్యతో ఈ మాట అంటుంటే ఆయన నవ్వారు. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. "ఆ రోజుల్లో గ్రిడ్ ఎప్పుడు 50 మీద ఉందిరా? లోడ్ పెరిగితే 49కి పడిపోయేది" అన్నారు. అంటే నా స్కేలే వంకర. ఇప్పటి గ్రిడ్ క్రమశిక్షణ చూసి ఎనభైల నాటి హమ్‌ని కొలవడం మూడో తప్పు.

జవాబు దొరికింది తాతయ్య చేసిన ఒక పొరపాటులో. కచేరీ అయిపోయాక ఆయన ఆ రోజు స్టాప్ నొక్కడం మర్చిపోయారట. కృతి తర్వాత అనౌన్సర్ గొంతు, తర్వాత టైమ్ సిగ్నల్ బీప్‌లు, వార్తల మొదటి వాక్యం సగం దాకా టేపులో ఉంది. "అంత మంచి పాట చివర ఈ దరిద్రం ఒకటి" అని ఆయన ఎప్పుడూ విసుక్కునేవారు. మాస్టారు మాత్రం పద్ధతిగా పాట అవ్వగానే ఆపేశారు.

బీప్‌లు సెకనుకి ఒకటి చొప్పున వస్తాయి. సెకను మారదు. వరుసగా నాలుగు గ్యాపులు కొలిస్తే 4 సెకన్లు రావాలి. 3.86 వచ్చింది. మళ్లీ మళ్లీ కొలిచాను, 3.86. అంటే తాతయ్య టేపు 3.6 శాతం వేగంగా తిరుగుతోంది. దాన్ని బట్టి పాట అసలు నిడివి 11 నిమిషాల 45 సెకన్లు. మాస్టారి టేపు కూడా అర శాతం పైచిలుకు వేగమే, కానీ అంత చిన్న తేడా చెవికి పెద్దగా తెలీదు. హమ్ లెక్క కూడా ఇప్పుడు కుదిరింది. 51.1ని 1.036తో భాగిస్తే 49.3. ఆ పూట గ్రిడ్ నిజంగానే కిందికి నడుస్తోంది. మావయ్యకి ఫోన్ చేసి చెప్తే "నేను చెప్పలా" అని పెట్టేశారు.

డెక్ ఒకటే వాడమన్నది ఇందుకే. అరువు డెక్ కొంచెం వేగంగా తిరిగినా రెండు టేపులకీ ఆ తప్పు సమానంగా పడుతుంది, బీప్‌లతో కలిపి పోతుంది.

ఇంతకీ తాతయ్య టేపు ఎందుకంత వేగం? రికార్డ్ చేసిన రోజు ఆయన టూ ఇన్ వన్ నెమ్మదిగా తిరిగింది, బెల్ట్ వదులైతే అలా అవుతుంది. నెమ్మదిగా రికార్డైన టేపుని మామూలు డెక్‌లో పెడితే వేగంగా వినిపిస్తుంది. కానీ అదే టూ ఇన్ వన్‌లో పెడితే? అది ప్లే చేసేటప్పుడు కూడా అంతే నెమ్మది కదా, రెండు తప్పులూ కొట్టేసుకుని పాట సరిగ్గా వినిపిస్తుంది. ఆ సెట్ పాడైపోయి కొత్తది కొన్నాకే ఆయన టేపులన్నీ "చురుగ్గా" మారాయి. ఇది ఆయనకి చెప్పాలా వద్దా అని నేను రెండు రోజులు ఆలోచించాను. ఎనభై నాలుగేళ్లు ఆయనకి. "ఆ రోజు గొంతు ఎంత లేతగా ఉందో" అని ఆయన పొగిడేది బెల్ట్‌నే అని ఎలా చెప్పాలి? టేపు వేగం పెరిగితే గొంతు సన్నబడి వయసు తగ్గినట్టుంటుంది, గమకాలు కూడా పదునుగా తోస్తాయి.

చెప్పకుండా వినిపిద్దామని నిర్ణయించుకున్నాను. ఆదివారం సత్యనారాయణపురంలో మాస్టారి ఇంట్లో కూర్చున్నాం.

ఇక్కడ మీకు పనికొచ్చే విషయం. ఇద్దరికీ తెలియకుండా పోల్చాలంటే ముందు వాల్యూమ్ సమానం చేయాలి. ఒక డెసిబెల్ ఎక్కువగా ఉన్నా "ఎక్కువ శబ్దం" అని అనిపించదు, "బాగుంది, స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. షోరూముల్లో ఫోన్ స్పీకర్లు అమ్మే కిటుకు అదే. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టి అన్ని ఫైల్స్‌కీ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ విలువ ఇచ్చాను. స్ట్రీమింగ్ యాప్‌లలో పోల్చేటప్పుడు సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ ఉందో లేదో చూసుకోండి. స్పాటిఫై మామూలుగా -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి తెస్తుంది. ఒక యాప్‌లో ఆన్, ఇంకో యాప్‌లో ఆఫ్ ఉంటే 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం కూడా ఒకచోట గొప్పగా, ఇంకోచోట చప్పగా అనిపిస్తుంది. తర్వాత ఫోన్‌లో ఈక్వలైజర్, అట్మాస్ లాంటివన్నీ ఆపేయాలి. మోనో పాటకి అవి నకిలీ వెడల్పు తగిలిస్తాయి, గొంతు ఎదురుగా కాకుండా గది గోడల్లోంచి వస్తున్నట్టుంటుంది. ఎల్‌డీఏసీనా ఎస్‌బీసీనా అనే చర్చ మాత్రం ఇలాంటి రికార్డింగుల దగ్గర దండగ. 5 కిలోహెర్ట్జ్ పాటని ఏ కోడెక్ అయినా మోస్తుంది.

ఇంకో మాట. 78 ఆర్‌పీఎం రికార్డులతో పోల్చేటప్పుడు కాలం గురించి తీర్పులు ఇవ్వకండి. ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది కాబట్టి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారంతటి వారైనా కృతిని అందులో ఇమిడ్చే వాయించాలి. దాన్ని తీసుకొచ్చి అరగంట కచేరీ ముక్క పక్కన పెట్టి "తొందరపడ్డారు" అనడం ఏం న్యాయం?

మూడు ముక్కలు వినిపించాను, పేర్లు చెప్పకుండా. తాతయ్య టేపు ఉన్నదున్నట్టు, మాస్టారి టేపు, తాతయ్య టేపు సరిచేసినది. మాస్టారు మొదటిది వినగానే "ఇది మీదేనండీ" అని నవ్వారు. మూడోది మొదలైనప్పుడు తాతయ్య కుర్చీలో ముందుకి జరిగారు. పాట అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత నన్ను కాకుండా మాస్టారిని చూస్తూ అన్నారు: "ఇది నేను మొదట్లో విన్నదండీ. ఆ పాత సెట్‌లో. మధ్యలో ఎప్పుడు మారిపోయిందో చూసుకోలేదు."

మాస్టారు గెలిచినట్టే కదా, ఎగతాళి చేస్తారనుకున్నాను. చేయలేదు. "మీ టేపులో తంబూరా ఎంత బాగా పడిందండీ, నాదాంట్లో అసలు లేదు. నాకు ఆ మూడోది కావాలి" అన్నారు. నిజమే, మాస్టారి సెట్ రేడియో సిగ్నల్ సరిగ్గా పట్టినట్టు లేదు. వేగం సరే కానీ వెనకంతా మసక. వేగం తప్పిన టేపులో ఉన్నంత సంగీతం వేగం సరిగ్గా ఉన్న టేపులో లేదు.

మాస్టారి ఫోన్‌లో మూడోది వేశాను. తాతయ్య ఫోన్‌లో కూడా అదే వేసి, పాతది డిలీట్ చేయబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "అదీ ఉండనీరా. పాతికేళ్లు దాన్నే విన్నాను" అన్నారు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఒకదాని పేరు "వోలేటి కాంభోజి సరిచేసినది". రెండోదానికి ఆయనే పేరు టైప్ చేయించారు: "నా టేపు".

బీప్‌లు మాత్రం రెండు ఫైల్స్‌లోనూ కట్ చేయకుండా ఉంచేశాను.